సింహాచలం అంకుల్ పేర్చిన కోపాన్ మెట్లు

సింహాచలం అంకుల్ ఇక లేరు. మంగళవారం ఉదయం ఆయన కుమార్తె లతక్క ఫోన్ చేసినప్పుడు నేను పాయా లేబర్ ప్రాంతంలో ఒక ఆఫీసులో టైల్స్ పరుస్తున్నాను. తాపీ పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. అంతటి జ్ఞానవృద్ధుడికి నివాళి రాసే అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే రాస్తున్నాను.

మలేసియాలో పుట్టి, పక్కనున్న ఈ దేశానికి వచ్చి, భవనాల ప్లాన్లు గీస్తూ రిటైరైన ఆయనకు మాయా జాతివారి ప్రాచీన నగరం కోపాన్ అంటే ప్రాణం. ఎన్నడూ వెళ్లలేదు. అయినా అక్కడి ప్రతి గోడా ఆయనకు కంఠస్థం. ఆదివారం టోవా పాయోలోని ఫ్లాట్‌కు వెళితే, "ముందు మకాన్, తర్వాతే కోపాన్" అని అన్నం పెట్టేవారు. మకాన్ అంటే మలేసియా వాళ్ల మాటలో భోజనం. "పాత గుడిని కూల్చకుండా, దాన్ని లోపలే దాచి పైన కొత్తది కట్టారయ్యా! పెద్దలంటే అంత మర్యాద" అని మురిసిపోయేవారు.

ఆ నగరంలో రాజుల చరిత్రను మెట్ల మీద చెక్కించారు. కాలక్రమంలో చాలా మెట్లు కూలిపోయాయి. తర్వాతివాళ్లు వరుస తెలియకుండానే రాళ్లు పేర్చి సిమెంటు పెట్టేశారు. ఈ సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆ శాంతమూర్తి మండిపడేవారు. "తెలియకపోతే ఊరుకోవాలి, సిమెంట్ ఎందుకు పెట్టడం?"

అసలు వరుస తానే కనిపెట్టాలని ఆయన పట్టుదల. చిన్న చిన్న టైల్ ముక్కల మీద ఆ బొమ్మల లిపి గీసి, చెక్కతో చేసిన మెట్ల మీద ఏళ్ల తరబడి మార్చి మార్చి పేర్చారు. ఒక్కటీ అతికించలేదు.

ఆయన ఆస్పత్రిలో చేరాక, ఇల్లు చూస్తుండమని లతక్క నాకు తాళాలిచ్చింది. కదిలే టైల్ కనబడితే నా చెయ్యి ఊరుకోదు. ముక్కలన్నీ తీసి, కడిగి, సైజు ప్రకారం గమ్‌తో అతికించి, సందులు పూడ్చాను. ఆయన వచ్చి సంతోషిస్తారనుకున్నాను.

ఆస్పత్రికి వెళ్లి గొప్పగా చెప్పాను. "అంకుల్, మీ మెట్లు అతికించేసినాను. ఇంక కదలవు."

"వరుస రాసుకున్నావా?"

"వరుసేటి అంకుల్? సైజు బట్టి పెట్టేసినాను."

ఆయన కళ్లు మూసుకున్నారు. కాసేపటికి నా చెయ్యి నిమిరి, "నీ పని నీటుగా ఉంటుందిలే. మకాన్ అయిందా?" అన్నారు. నాలుగు తిట్లు తిట్టినా బతికిపోయేవాణ్ణి.

అంత్యక్రియల తర్వాత, ఆ వరుస ఎక్కడైనా రాసిపెట్టారా అని లతక్కను అడిగాను. "నథింగ్ లా, ఏమీ రాయలేదు. అంతా డాడీ తలలోనే. అడ్మిట్ అయ్యే ముందు రోజు నాకు ఫోన్ చేశారు, ఫైనల్లీ వరుస కుదిరిందట. సండే నువ్వొస్తే నీకే ఫస్ట్ చూపించాలన్నారు."

నిన్న ఉలి పట్టుకుని ఊడదీయబోయాను. మొదటి ముక్కే రెండుగా పగిలింది. నా పని అంత గట్టిది మరి. ఉలి కింద పెట్టేశాను.

అంకుల్, మీవంటి గురువు నాకు మళ్లీ దొరకరు. మీకు మొదటి మెట్టు దగ్గర నమస్కరించాలని ఉంది. అది ఏదో నాకు తెలియడం లేదు.