చేప ముద్ర కడియాలు

నాకు అక్షరాలు బళ్లో రాలేదు. బడి వాగు అవతల ఉండేది. ఆడపిల్లను రోజూ వాగు దాటించడానికి మా నాన్న ఒప్పుకోలేదు. ఆయన దుమ్ముగూడెం దగ్గర రాముడి పాటలు పాడుకుంటూ వెండి పని చేసేవాడు. కొలిమి పక్కన పీట వేసి నన్ను కూర్చోబెట్టి, తన పెట్టెలోని ఉక్కు అచ్చుల మీదే అక్షరాలు చూపించాడు. అచ్చు మీద అక్షరం తిరగేసి ఉంటుంది, వెండి మీద కొడితేనే సరిగ్గా పడుతుంది. అందుకని చాలా రోజులు నేను పలక మీద అన్నీ తిరగేసే రాసేదాన్ని. నాన్న నవ్వి, పలకను అద్దానికి ఎదురుగా పట్టుకొని చదివేవాడు. పొద్దున దీపం పెట్టేటప్పుడు నా మొదటి దండం ఇప్పటికీ ఆ చదువుకే.

అక్షరాల తర్వాత ముద్రలు నేర్పాడు. మా వైపు పాతకాలపు పనివాళ్లు కడియం లోపలి వైపున ఎవరి ముద్ర వాళ్లు కొట్టేవారు. ఒకరిది ఆకు, ఒకరిది చేప, ఇంకొకరిది మూడు చుక్కలు. నాన్నది ‘వ’, దాని పక్కన చుక్క. పాత సామాను బాగు చేయడానికి వచ్చినప్పుడల్లా ఆ ముద్ర మీద పల్చటి సీసపు రేకు పెట్టి, బొటనవేలితో నొక్కి, అచ్చు తీసి డబ్బాలో దాచేవాడు. అరిగిపోయిన ముద్రను ఎలా లేపాలో కూడా చూపించాడు. దీపం మసిలో చుక్క నూనె కలిపి రుద్ది గుడ్డతో తుడిస్తే, గీతల్లో మసి నిలిచి బొమ్మ పైకి వస్తుంది.

ఆయన మరీ మరీ చెప్పిన మాట ఒకటుంది. ఒకరు చేసిన వస్తువును ఇంకొకరు బాగు చేస్తే, బాగు చేసిన చోట తన ముద్ర కొడతాడు. పాత ముద్రను మాత్రం చెరపడు. “కడెం అరిగి, ముద్ర పదునుగ ఉంటె అది చేసినోడిది గాదు బిడ్డా, అతికినోడిది. చేసినోడు ఇంకోపు ఉంటడు. తిప్పి చూడు” అనేవాడు.

ఆ డబ్బా పట్టుకొని చర్లలో అత్తగారింటికి వచ్చాను. ముందు గది దుకాణం, వెనుక వంటిల్లు, నడుమ ఒక పరదా. కోడలు పరదా దాటి దుకాణంలోకి రాకూడదు. వంటింటికి ఒకే కిటికీ, అది తెరిస్తే పక్కింటి గోడ. నాన్న పోయాక తమ్ముడు బొగ్గు గనిలో పని దొరికి సత్తుపల్లి వెళ్లిపోయాడు. పుట్టింటి కొలిమిలో గడ్డి మొలిచింది. నాలుగేళ్లుగా నేను గడప దాటింది గుడికే, అదీ అత్త వెంట.

మామకు కళ్లల్లో శుక్లాలు వచ్చాయి. నాకు ముద్రలు తెలుసని మా ఆయన చెప్పాక, అడవి ఊళ్ల నుంచి వచ్చిన పాత వెండి స్టీలు పళ్లెంలో పరదా కింది నుంచి లోపలికి వచ్చేది. నేను మసి రాసి, చూసి చెప్పేదాన్ని. మంచి ముద్ర ఉన్నవి పట్నం నుంచి పాత నగలు కొనడానికి వచ్చే ఒకాయన కోసం పక్కన పెట్టేవారు. మిగతావి కొలిమికి పోయేవి. నా మాట పరదా దాటి వెళ్లేది, నేను మాత్రం ఇవతలే ఉండేదాన్ని. అయినా నాన్న నేర్పిన విద్య మెట్టినింట్లో పనికొచ్చిందని దేవుడికి మొక్కుకునేదాన్ని.

ఆ ఏడు వానాకాలంలో ఒక రోజు పళ్లెంలో రెండు జతల కాళ్ల కడియాలు వచ్చాయి. ఒక జత అమ్మినవాళ్లది, కరిగించాలి. ఇంకో జత వాగు అవతలి కోయగూడెం నుంచి వచ్చిన ఒక అవ్వది. వదులైన అతుకు బిగించమని ఇచ్చి వెళ్లింది. దుకాణంలో చీటీలు రాసే అలవాటు లేదు, గుర్తు అడిగి పెట్టుకుంటారు. ఆ అవ్వ చెప్పిన గుర్తు చేప. మా ఆయన హడావుడిలో రెండు మూటలూ ఒకే పళ్లెంలో విప్పేశాడు.

“చేపది పక్కకు పెట్టు కోడలా, రెండోది కొలిమికి” అన్నాడు మామ పరదా అవతలి నుంచి.

మొదటి జతకు మసి రాశాను. ‘వ’, పక్కన చుక్క.

నాన్న చెయ్యి కనపడ్డట్టే అయింది. నిన్న కొట్టినంత పదునుగా ఉంది ముద్ర. కళ్లకద్దుకున్నాను. ఇది కరిగించొద్దు, నాకు కావాలి అని అడగడానికి నోరు రాలేదు. మామ కొన్న వెండి అది, నేనెవరిని అడగడానికి? ఏడుపు ఆపుకుంటూ రెండో జత చూశాను. అరిగిన ముద్ర, కోసుగా, వెనక చిన్న తోక. చేప అనుకున్నాను. “ఇదే మామయ్యా” అని పక్కకు పెట్టి, నాన్న ముద్ర ఉన్న జతను పరదా కిందికి తోసేశాను. సాయంత్రానికి అది కరిగి ముద్దయింది.

వారానికి అవ్వ వచ్చింది. పరదా వెనక నుంచి మాటలు వింటున్నాను.

“సేటూ, ఇవి నావి గావు.”

“గావంటే ఎట్లవ్వా? చేప ముద్రవి ఇవే. మా కోడలు చూసింది. ఆమె కన్ను తప్పదు.”

“నీ కోడలి కంటికంటె నా కాలుకు ఎక్కువ ఎరుక. గివి వేరే ఆడమనిషి కాళ్లవి.”

మామ లోపలికి కేకేశాడు. “కోడలా, చేపే గదా?”

“అవ్ మామయ్యా” అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే.

ఆ మధ్యాహ్నం వాన పట్టుకుంది. వాగు పొంగి దారి మూసుకుపోయింది. అవ్వకు ఊరు చేరే దారి లేదు. మా అరుగు మీదే కూర్చుంది.

“ముసల్ది తిష్ఠేసింది సూడు” అని అత్త గొణిగింది. “వాగు దిగితే గానీ కదలదు. పోయి, ఇంత అన్నం పెట్టిరా.”

పెరటి వసారాలో విస్తరి వేశాను. అవ్వ కాళ్ల మీద నలభై ఏళ్ల కడియాల గుర్తు తెల్లటి గీతలా ఉంది. తింటూ తింటూ చెప్పింది.

“మా అమ్మవి బిడ్డా అవి. నేను సచ్చినంక అవి నా కాళ్లకు లేకపోతే, ఆడ మా అమ్మ నన్నెట్ల గుర్తువడ్తది? పోయేటప్పుడు నన్ను చిన్నపిల్లగనే సూసి పోయింది. ముసలిదాన్ని సూడలే గద.”

నేను నీళ్లు పోస్తున్నాను.

“ఒకపారి విరిగితే దుమ్ముగూడెం దిక్కు ఒక వెండి పనాయన అతికిండు. పని జేస్కుంట రాముని పాటలు పాడేటోడు. చిన్నపిల్లను పక్కన కూసుండబెట్టుకునేటోడు. తన అచ్చు గూడ కొట్టిండు, నేనే కొట్టమన్న. ఎవ్వరు మంచిగ జేసిండ్రో తెల్వాలె గద.”

చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఆ చిన్నపిల్లను నేనే.

లోపలికి వచ్చి, పక్కకు పెట్టిన జతకు మళ్లీ మసి రాసి, నాన్న డబ్బాలోని రేకులు పక్కన పెట్టి చూశాను. అది తోక కాదు, తొడిమ. ఆకు ముద్ర. కరిగిపోయిన జతే అవ్వది. నాన్న ముద్ర అతికిన చోటుది, అవ్వ చేప దానికి ఎదురుగా ఇంకోపు ఉండేది. నేను తిప్పి చూడలేదు. నాన్న కనపడగానే ఇంకెవరి కోసమూ వెతకలేదు.

రెండు రోజులు వాన వదల్లేదు. అవ్వ అరుగు మీద, నేను వంటింట్లో. చెబితే మామ మాట పోతుంది, అడవి ఊళ్లవాళ్లు మళ్లీ మా గడప తొక్కరు. నా కన్ను తప్పదని నలుగురికీ చెప్పింది ఆయనే. చెప్పకపోతే ఆ ముసలామె ఎవరివో కడియాలతో వాళ్లమ్మ దగ్గరికి పోవాలి. దీపం ముందు కూర్చుంటే నోట రామా అన్న మాట కూడా రాలేదు. అన్నం పెడుతున్నప్పుడల్లా అవ్వ “సల్లగుండు బిడ్డా” అని దీవించేది. ఆ దీవెన పుచ్చుకోలేక మొహం పక్కకు తిప్పుకునేదాన్ని.

మూడో రోజు పొద్దున వాగు దిగిందన్నారు. దుకాణం ముందు బస్సు కోసం ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. మామ ఆకు ముద్ర జతను గుడ్డలో చుట్టి అవ్వ చేతిలో పెడుతున్నాడు. “తీస్కపో అవ్వా. అలవాటైతయి.”

అవ్వ ఇక వాదించలేదు. చెయ్యి చాపింది. ఆ చెయ్యి చూసి నేను పరదా జరిపి దుకాణంలోకి వచ్చేశాను.

“అవి అవ్వవి కావు మామయ్యా. అవ్వవి కరిగిపోయినయి. నేనే తప్పు చూసిన. ఇంకోపు తిప్పి చూడలే.”

“లోపలికి నడువు” అన్నాడు మామ, తల ఎత్తకుండానే.

నేను కదల్లేదు. మా ఆయన నన్నొకసారి చూసి, సొరుగు లాగి, వెండి ముద్ద తీసి బల్ల మీద పెట్టాడు. అవ్వ దాన్ని అరచేతిలోకి తీసుకుంది.

“గింతైందా” అంది.

“గదే వెండితోని మళ్ల జేసిస్తనవ్వా” అన్నాడు మా ఆయన. “చేప అచ్చు గూడ చెక్కి కొడ్త. ఎవ్వరికీ తెల్వది.”

అవ్వ నా వైపు తిరిగింది. “నువ్వేమంటవ్ బిడ్డా?”

“చేప కొట్టినాయన పోయి ఎన్నేండ్లయిందో. ఆయన చెయ్యనిది ఆయన చేసిండన్నట్టయితదవ్వా.”

ఆమె చాలాసేపు ముద్దను అటూ ఇటూ తిప్పింది. “అయితె చేప వద్దు” అంది. “వెండి మారలే గద. ఎట్లయిందో మా అమ్మకు నేనే జెప్పుకుంట.”

మా ఆయన నాలుగు రోజులు కూర్చొని చేశాడు. లోపల ఏ ముద్రా కొట్టలేదు. అవ్వ వేసుకొని, రెండడుగులు వేసి చూసుకొని వెళ్లిపోయింది. నన్ను దీవించలేదు. దీవించనందుకే నాకు ఊపిరి ఆడింది.

“పెద్ద నిజం జెప్పొచ్చింది మా ఇంటికి” అని అత్త పండగల దాకా దెప్పింది. పరదాకు కింద ఇంకో జానెడు గుడ్డ కుట్టింది. ఆ వానాకాలమంతా పళ్లెం లోపలికి రాలేదు. కిటికీ, పక్కింటి గోడ, నేను.

చలి మొదలయ్యాక ఒక పొద్దున పరదా కింద గుడ్డ కదిలింది. పళ్లెంలో ఒకే ఒక్క కడియం. మసి రాసి చూసి, మూడు చుక్కలని చెప్పాను.

“ఇంకోపు తిప్పి చూసినవా?” అన్నాడు మామ.

“చూసిన మామయ్యా.”

మామ తను పోయేదాకా ప్రతి వస్తువుకూ ఆ మాట అడిగాడు. ఎత్తిపొడుపో, నమ్మకమో ఎన్నడూ తేల్చుకోలేకపోయాను. నాన్న మాట ఆయన నోట రోజూ విన్నాను, అది మాత్రం నా అదృష్టమే. పరదా అట్లాగే ఉంది.