ఐదు మెట్ల ఇల్లు

మా అక్క చెప్పులు కాళ్లకు వేసుకునేది కాదు, చేతులకు తొడుక్కునేది. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమె రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. వడ్రంగి చేసిచ్చిన చక్రాల పలక మీద కూర్చుని, చేతులతో నేలను వెనక్కి నెట్టుకుంటూ ప్రొద్దుటూరులో మా సందంతా ఏలేది. మేముండిన బాడుగ ఇల్లు వీధితో సమానంగా ఉండేది. గడప కూడా అరిగి అరిగి లేనట్టే. వాన కురిస్తే నీళ్లు ఎంత సులువుగా లోపలికొచ్చేవో, అక్క అంత సులువుగా బయటికి పోయేది. మగ్గాల ఇళ్లలో కబుర్లు, బొరుగులంగడి, బావి దగ్గర తగవులు తీర్చడం, అన్నీ ఆమెవే. ఇప్పుడు ఏ ఆఫీసు ముందైనా మెట్ల పక్కన వాలుగా కట్టిన దారి కనిపిస్తే, దాని మీద మా అక్కను ఒక్కసారి చూసుకోవాలనిపిస్తుంది. ఆ చక్రాల గరగర మళ్లీ వినాలని ఈ వయసులోనూ నాకు ఆశే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా నాయనకు గుడ్డల వ్యాపారం నిలదొక్కుకుంది. సొంతిల్లు మొదలుపెట్టాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. మా నాయన ఇల్లు కట్టి, పక్కింటివాళ్లు చూడాలనుకున్నాడు. వాళ్లకు మూడు మెట్లు. మెట్లు బేసిగా ఉండాలి కాబట్టి మాకు ఐదు.

పాత సందులో మా పొరుగున ఉండే సాయిబు మేస్త్రీనే రాతిపనికి పెట్టుకున్నాం. మెట్లు కొలుస్తూ ఆయన ఆగాడు.

"అప్పా, పెద్దపాప ఎట్ల దిగుతాది?"

"మేముండాం గదా మామా, ఎత్తుకోని దింపనీకి" అన్నాడు నాయన.

"మీరుండారులే. పాపకు బుద్ధి పుట్టినప్పుడల్లా ఉంటారా? ఒక పక్క పొడుగాటి బండ ఏటవాలుగా పరుస్తా."

"కొత్తింటి ముందర జారుడుబండ ఏంది మామా! నలుగురూ చూసి నగరా?"

మేస్త్రీ మంచి నాపబండ ఒకటి ఏరి గోడకు ఆనించి, "అడిగినపొద్దు వచ్చి పరుస్తా" అని పోయాడు. మేము దాన్ని పెరట్లోకి మోయించి గుడ్డలుతికే బండ చేసుకున్నాం.

గృహప్రవేశం రోజు అక్కను ఇద్దరు ఎత్తుకుని లోపలికి తెచ్చారు. ఆ రోజు నుంచి ఆమె ఎత్తుకోవలసిన మనిషి అయింది. దింపమంటే ఎవరూ కాదనలేదు. అన్నం తిన్నాక అన్నారు, ఎండ తగ్గాక అన్నారు. ఆ మాట అందరికంటే ఎక్కువసార్లు అన్నది నేనే. సినిమాకు పోతూ, జడ వేసుకుంటూ కూడా అన్నాను. కొన్నాళ్లకు అక్క అడగడం మానేసింది. పిల్ల నెమ్మదించిందని ఇంట్లో సంతోషపడ్డాం. కిటికీ దగ్గర కూర్చుని, పాత సందువాళ్లు ఎవరు పోతున్నా పిలిచి, బొరుగులంగడి ముసలమ్మ ఎట్లుందని అడిగేది. ఒక వానాకాలం కట్టెలు తడిస్తే అక్క చక్రాల పలకను పొయ్యిలో పెట్టారు.

ఏళ్ల తర్వాత నాయనకు స్కూటరొచ్చింది. పేరు రాయించుకుని శానా కాలం ఎదురుచూసిన బండి. వీధిలో వదిలెయ్యడానికి ఆయనకు మనసొప్పలేదు. తెల్లారగానే మేస్త్రీకి కబురు పంపాడు. నలుగురు మనుషులు పెరట్లో బండను పెకలించి, ఎండెక్కకముందే మెట్ల పక్కన ఏటవాలుగా పరిచేశారు. మేస్త్రీ చేతులు కడుక్కుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయాడు.

నిమ్మకాయలు తొక్కించి స్కూటరు ఎక్కించాక, లోపలి నుంచి అక్క నేల మీద జరుగుతూ వచ్చింది.

"నీ చెప్పులియ్యి" అంది నాతో.

వాటిని చేతులకు తొడుక్కుని, ఆగి ఆగి, రొప్పుతూ బండ మీదుగా దిగింది. చేతులు సన్నబడిపోయాయి. కింద ఒక చెప్పు తీసేసి అరచేతిని మట్టిలో పెట్టింది.

"నాయనా, వీధి ఇంత దగ్గరుండెనా?"

నాయన స్కూటరుకు స్టాండేసి ఒక మెట్టు దిగాడు. నాకు ఏడుపొచ్చింది. "పాత సందుకు పోదాం పా అక్కా, నేనొస్తా" అన్నాను.

"నువ్వొద్దులే. నేనే పోతా."

వీధి మలుపు దాకా కూడా పోలేకపోయింది. సగంలో ఆగి, మాకు వీపు పెట్టి, పాత సందు వైపే చూస్తూ కూర్చుంది. ఎత్తుకోనా అని అడగడానికి నాకు నోరు రాలేదు.