ఓపెనింగ్ అక్క ఇంటికొచ్చింది

పిజ్జా కంపెనీలో అందరూ ఆమెను ఓపెనింగ్ అక్క అంటారు. ఎక్కడ కొత్త షాపు తెరిచినా ముందు దిగేది ఆమే. గోడల రంగు వాసన పోకముందే వెళ్ళి, పిండి ముద్దలు పొంగే ట్రేలు ఎక్కడ పెట్టాలో, ఓవెన్ ముందు ఎవరు నిలబడాలో తేల్చేసి, ఉల్లిపాయ తరగడం కూడా రానివాళ్ళ చేత చకచకా పిజ్జాలు దింపించేది. షాపు తన కాళ్ళ మీద నిలబడగానే ఇంకో ఊరు. కంపెనీ పేరు పెట్టుకుని షాపు నడిపే ఓనర్లది ప్రతిచోటా ఒకటే పాట.

"అక్కా, చీజ్ ఇంకాస్త వేస్తే ఏం పోయింది? మాకంటూ ఒక రుచి ఉండొద్దా?"

"ఉండకూడదు. అక్కడ తిన్నవాడు ఇక్కడ తిన్నా అదే పిజ్జా అనాలి. మీ చేతి మహిమ మీ ఇంట్లో చూపించుకోండి," అని కసిరేది.

ఆమె చేతి మహిమ మాత్రం ఆమె ఇంట్లో ఎవరూ ఎరుగరు. కూతురు నాన్న వంట తిని పెరిగింది. ఫోన్లో "ఎప్పుడొస్తావమ్మా?" అని ప్రాణం తీసే పిల్ల, హైస్కూలుకు వచ్చేసరికి అడగడమే మానేసింది. అది అక్క గుండెల్లో గుచ్చుకుంది. పిల్ల పరాయిదైపోతే ఇన్ని షాపులు తెరిచి ఏం లాభం? కంపెనీవాళ్ళ వెంటపడి, తమ వీధి చివరి షాపుకే మేనేజరుగా వేయించుకుంది.

"ఇక ఎక్కడికీ కదలను," అంది ఇంట్లో. భర్త నమ్మలేదు. పిల్ల మాత్రం నవ్వింది. ఆ నవ్వుతో ఆమె కొన్నాళ్ళు గాల్లో తేలింది.

షాపు గాడిన పడింది. పడ్డాకే వచ్చింది తంటా. దిద్దడానికి ఏమీ లేకపోతే ఆమెకు ఊపిరాడదు. సాసు గరిటెలు ఇటునుంచి అటు మార్చింది. మడిచిన అట్టపెట్టెలు విప్పించి మళ్ళీ మడిపించింది. కాలు కాలిన పిల్లిలా తిరిగి, పనివాళ్ళను కాల్చుకు తిని, అదీ చాలక ఇంటి మీద పడింది. వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించింది. భర్తకు కత్తి పట్టుకోవడం నేర్పబోయింది.

"ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో వండింది నేనే తల్లీ! మమ్మల్ని కూడా బ్రాంచి కింద జమకట్టేశావా ఏంటి?" అన్నాడాయన.

కూతురి బల్ల సర్దిన రోజు మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. పిల్ల సగం సగం గీసి పరుచుకున్న బొమ్మలన్నీ సైజుల వారీగా దొంతర పెట్టి ఉన్నాయి. పిల్ల అవి చూసి తలుపేసుకుంది. బయట నిలబడ్డ అక్కకు ఏం చెప్పి పిలవాలో తోచలేదు. తలుపు గడియ వదులుగా ఉందన్న సంగతి మాత్రం కంటపడింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ వారమే కంపెనీ నుంచి ఫోన్. ఎక్కడో కొత్త షాపు, ఓనరుకు ఓనమాలు రావు, ఒక్కసారి వచ్చి నిలబెట్టి వెళ్ళమన్నారు. మా అమ్మాయితో ఉండాలి సార్, కుదరదు అందామనే నోరు తెరిచింది.

"ఓవెన్ దిగిందా?" అనేసింది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో కూతురు. అమ్మ ముఖంలో ఎన్నాళ్ళకో వచ్చిన కళ పిల్ల చూడనే చూసింది. అక్క సిగ్గుతో ఫోన్ పెట్టేసింది.

"వెళ్ళనులే," అంది.

పిల్ల దగ్గరికి వచ్చి, మెల్లగా, "ఊరు దూరమేనా అమ్మా?" అని అడిగింది.

దూరమైతే బాగుండునన్న ఆశ ఆ గొంతులో దాచినా దాగలేదు.