నీళ్ళ మీద అడగాలి

ఆదివారం పొద్దున్న పూర్ణా మార్కెట్లో కొన్న వంజరం ముక్కలు కడుగుతూ నా భార్య గిన్నె తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. “వాసన సూడండి. మూడు నీళ్ళు కడిగినాను, పోదేటి?” అంది. చూశాను. చేపలోంచి కిరసనాయిలు వాసన, దాని వెనక కొంచెం తారు. నాకు కొత్త కాదు ఆ వాసన. ఓడలు ఏం ఒలకబోస్తే చేపకి ఏ వాసన పడుతుందో నాకు విడమరచి చెప్పిన మనిషి ఎర్రన్న మావ. ఆయన పోయి ఏడాది దాటింది. ముక్కలు పారబోశాం. చారన్నం ముందు కూర్చుంటే నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంటలోనే ఇది రాస్తున్నాను కాబట్టి ఎక్కడైనా మర్యాద తప్పితే మన్నించాలి.

ఎర్రన్న మావ నాకు చుట్టం కాదు. మాది సబ్బవరం దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆయనది యారాడ కొండకి దక్షిణాన ఉన్న ఒక పేట, అందరూ సముద్రం మీద బతికేవాళ్ళే. ఆ పేట పేరు రాయను. రాస్తే రేపే ఎవరో ఫారాలు పట్టుకుని బయలుదేరతారు. నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది ఫారాలు పట్టుకునే. డిప్లొమా పూర్తిచేసి ఒక సర్వే కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరాను. ముడి చమురు ఓడలు రేవులోకి రాకుండా నడిసముద్రంలోనే ఆగి, అడుగున వేసిన గొట్టంలోంచి చమురును ఒడ్డుకి పంపే ఏర్పాటు ఒకటి ఒక కంపెనీ తలపెట్టింది. ఆ గొట్టం పోయే దారిలో ఎవరైనా చేపలు పడుతున్నారేమో అడిగి, పటం మీద ఎర్ర చుక్కలు పెట్టడం నా పని. ఫారంలో ఐదో గడి ‘వేట స్థలం’.

ఎంత మర్యాదగా చెప్పారో అందరూ. ఒక్కరు కూడా విసుక్కోలేదు. ఇసుక మీద వల బాగుచేసుకుంటున్న ఎర్రన్న మావ నాకు టీ తెప్పించాడు, తాటాకు చాప పరిపించాడు, చెయ్యి చాపి ఉత్తరం వైపు చూపించాడు. “అదిగో బాబూ, అటు. రుసికొండ ఎదర. మా తాతల కాడ్నించీ అక్కడే,” అన్నాడు. ఆయన తర్వాత ఆయన తమ్ముడూ అటే చూపించాడు, పక్కింటాయనా అటే. సాయంత్రానికి నా పటంలో ఉత్తరాన చుక్కలు కిక్కిరిసిపోయాయి, దక్షిణాన తెల్లగా మిగిలింది. మర్నాడు తెల్లవారి ఒడ్డున నిలబడి చూస్తే పడవలన్నీ దక్షిణానికి తిరిగాయి. చూశాను. నా కళ్ళతో చూసి, అది నాకు అప్పజెప్పిన పని కాదనుకుని, పటం చుట్టి ఆఫీసులో ఇచ్చేశాను. ఇన్నేళ్ళుగా నేను ఎవరి మీద అరిచినా ముందు ఆ ఉదయం నిలబడ్డ నా మీద అరుచుకోవాలి.

గొట్టం దక్షిణాన పడింది. దాని చుట్టూ ఎవరూ రాకూడదని కాపలా బోట్లు తిరగడం మొదలైంది. వలలు తెగాయి, చిన్న పడవలను తరిమారు, పేటలో పొయ్యిలు ఒంటిపూటకి దిగాయి. ఆ కాలంలో నేను చూసిన ఒక దృశ్యం ఇక్కడ చెప్పాలి. దేశానికి సరిపడే ఇంధనం కాళ్ళ కింద గొట్టంలో పరుగెడుతుంటే, ఆ పేట ఆడవాళ్ళు గ్యాస్ బండ కొనలేక సరుగుడు పుల్లలు ఏరుకొచ్చి పొయ్యి ఊదుకుంటున్నారు. కుర్రాళ్ళు కంపెనీ గేటుకి అడ్డం పడ్డారు. రాళ్ళు పడ్డాయి, లాఠీలు లేచాయి. ఎర్రన్న మావ కొడుకు పోలిరాజుతో సహా చాలామందిని పట్టుకుపోయారు. పేపర్లలో ఆ పేటని ‘సమస్యాత్మక ప్రాంతం’ అన్నారు. సమస్య ఎవరిదో, దాన్ని ఎవరు తెచ్చిపెట్టారో ఒక్కరూ రాయలేదు.

అప్పుడు షామియానా వేసి మీటింగు పెట్టారు. కంపెనీ పెద్దమనిషి ఒకాయన మైకు ముందు నా పటం విప్పాడు. “మీరు చెప్పిన మాటలే ఇవి. దక్షిణాన ఎవరూ వేటాడరని మీరే రాయించారు. ఇప్పుడు నష్టం అంటే ఎలా?” అన్నాడు. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రతివాడూ పక్కవాడు నిజం చెప్పి ఉంటాడనుకున్నాడు. తన ఒక్కడి అబద్ధంతో ఏం పోతుందనుకున్నాడు. ఆ పెద్దమనిషి ఇంటికి ఇంత బియ్యం, పడవకి ఒక వల ఇస్తామని ప్రకటించి, ఎండగా ఉందని కారెక్కి వెళ్ళిపోయాడు. నిజానికి పటం తప్పని ఆయనకి తెలియకపోలేదు. కాపలా బోట్లు తరుముతున్నది ఎవరిని మరి? పటం ఆయనకి కావలసిన మాట చెప్పింది, అందుకని నమ్మాడు.

ఆ సాయంత్రం నేను తలవంచుకుని ఎర్రన్న మావ గుమ్మం ముందు నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, మా ఊరి పేరు పెట్టి పిలుస్తూ.

“ఒరే సబ్బారం, నువ్వు అడిగినావు, మేం అబద్ధం ఆడినాం. మరి నువ్వేటి, అడిగీసి ఎల్లిపోడమేనా? మా పడవలు ఎటెల్తన్నాయో సూడనేదా?”

“చూశాను మావా,” అన్నాను.

“సూసి కూడా రాసినావా?” అన్నాడు. ఆ తర్వాత అన్న మాట ఆయన కోపం కంటే గట్టిగా తగిలింది. “ఒడ్డు మీద అడిగితే ఎవుడూ నిజం సెప్పడురా. మా ఆడోళ్ళకే సెప్పం. నీళ్ళ మీద అడగాలి. రేపు పొద్దున రా.”

మర్నాడు పడవ ఎక్కాను. కొండ దాటకముందే కడుపులో ఉన్నదంతా సముద్రానికి ఇచ్చుకున్నాను. ఆయన నవ్వి, తాగడానికి గంజి ఇచ్చి, నా గడ్డం పట్టుకుని మొహం ఒడ్డువైపు తిప్పాడు. “కొండలు సూడు. నీళ్ళు సూస్తే కక్కుకుంటావు.” సముద్రం అడుగున అక్కడక్కడ రాళ్ళు గుట్టగా ఉంటాయట, చేపలు వాటి చుట్టూ చేరతాయి. వాళ్ళు వాటిని రాళ్ళచోట్లు అంటారు. పైకి ఏ గుర్తూ కనపడదు. ఒడ్డున లైట్‌హౌసు ఏ కొండ అంచుకి ఆనిందో, ఇంకోవైపు వెనక కొండ ముందు కొండని దాటి ఎంత బయటికి వచ్చిందో చూసుకుంటే, ఆ రెండు చూపులు కలిసే దగ్గర రాళ్ళచోటు. తాడుకి సీసపు గుండు కట్టి దింపితే ఇన్ని బారల లోతు అని తేలుతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో చోటు. తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ పడవలోనే, మూడో మనిషి లేనప్పుడు. ఒడ్డున ఎవరు అడిగినా చెయ్యి వేరే దిక్కుకి చూపించడం వాళ్ళ రివాజు. దానికి వాళ్ళలో వాళ్ళు ఎప్పుడూ తప్పుపట్టుకోరు. ఆ రివాజునే అమాయకంగా నా ఫారంలో కూడా పాటించారు. దాచిన చోటే పటంలో ఖాళీ అయిపోయింది, ఖాళీ దారినే గొట్టం వచ్చింది.

“మావా, బియ్యం ఇస్తామంటున్నారు కదా,” అన్నాను తిరిగొచ్చేటప్పుడు.

“గేటు ముందర కూకుంటే బియ్యం వస్తాది. తినీసి మళ్ళీ కూకోవాల. మా కుర్ర గుంటలు రాళ్ళిసరాల, ఆళ్ళు జైల్లో ఎయ్యాల, మళ్ళీ బియ్యం. ఇదేటి బతుకు? నాకు బియ్యం ఒద్దు. ఈ నీళ్ళల్లో ఏటి సేసినా ముందు మమ్మల్ని అడగాల. అది కాయితం మీద ఉండాల, నాను సచ్చినా ఉండాల.”

పరిష్కారాల మీద ఆ తర్వాత నేను ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను, ఏసీ గదుల్లో బిస్కట్లు తిన్నాను. అంతకంటే తేటగా చెప్పినవాడు నాకు కనపడలేదు.

అయితే అడిగించుకోవాలంటే ముందు ఉన్నది చెప్పాలి. పోలిరాజు బెయిలు మీద వచ్చిన వారానికి ఎర్రన్న మావ పేట మగవాళ్ళనీ ఆడవాళ్ళనీ ఇసుక మీద కూర్చోబెట్టాడు. లేచి నిలబడి, కొండల వైపు చెయ్యి చాపి, తన తండ్రి తనకి పడవలో చెప్పిన చోటు అందరి ముందూ చెప్పేశాడు. ఏ కొండ, ఏ అంచు, ఎన్ని బారలు. ఒక ముసలామె నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. పోలిరాజు దిగ్గున లేచాడు.

“అయ్యా, మా నోటికాడి కూడు ఊరందరికీ పంచీసినావా? నన్నెందుకు కన్నావు మరి?”

“నీకు కూడు మిగల్సాలనే సెప్పాన్రా. దాసుకున్నాం, ఏటి మిగిలింది?” అన్నాడు మావ. పోలిరాజు ఇసుక తన్నుకుంటూ వెళ్ళిపోయాడు. చాలాసేపటికి ఎర్రన్న మావ తమ్ముడు లేచాడు. ఆయన తర్వాత ఇంకొకరు. తర్వాత రోజుల్లో నేను ఒక్కొక్క ఇంటి పడవలో వెళ్ళి, నీళ్ళ మీదే అడిగి, రెండో పటం గీశాను. కాంట్రాక్టరు నా ఉద్యోగం పీకేశాడు. ఆ పటం మాత్రం కలెక్టరాఫీసులో బల్ల మీద పరిచినప్పుడు ఎవరూ కాదనలేకపోయారు.

గెలిచామా? కొంత. ఓడలు ఆగే చోటు దూరంగా జరిగింది, కేసులు ఎత్తేశారు. కాపలా బోట్ల మీద ఆ పేట కుర్రాళ్ళకే నెల జీతం ఉద్యోగాలు వచ్చాయి. ఇకముందు ఆ నీళ్ళలో ఏ పని మొదలుపెట్టినా పేటవాళ్ళు కూర్చున్న కమిటీని అడగాలని కాగితం పుట్టింది. ఇదంతా జరగడానికి ఏళ్ళు పట్టింది, ఆ ఏళ్ళలో పస్తులున్నవాళ్ళ సంగతి ఏ కాగితంలోనూ లేదు. కమిటీ ప్రారంభోత్సవం ఫొటోలో అందరూ ఉన్నారు, ఎర్రన్న మావ లేడు, కుర్చీలు చాలలేదట. అంతకంటే దుర్మార్గం ఇంకొకటి జరిగింది. నా పటాన్ని ఎవడో కలెక్టరాఫీసు గోడకి అంటించాడు. పేటవాళ్ళు నమ్మి చెప్పిన రహస్యం, టీ తాగడానికి వచ్చినవాడల్లా చూసేలా. ఒక్క సీజన్లో పెద్ద మరబోట్లు వచ్చి ఎర్రన్న మావ రాళ్ళచోటుని ఊడ్చేశాయి. నేను వెళ్ళి ఆ పటాన్ని గోడ మీంచి చింపేశాను. చింపి ఏం లాభం, కాపీలు అప్పటికే ఆఫీసుల్లో తిరుగుతున్నాయి.

మావ దగ్గరికి వెళ్ళి ఏడ్చాను. “పోతే పోనాది. గుంటలు జైల్లో నేరు కదా,” అన్నాడు. కొడుకు ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదని మాత్రం ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు, తమ్ముడు చెబితే తెలిసింది.

చివరి రోజుల్లో కేజీహెచ్ ఆసుపత్రి మంచం మీద నన్ను వంగమని, చెవిలో ఇంకో చోటు చెప్పాడు. అందరి ముందూ చెప్పనిది, ఏ పటంలోనూ లేనిది. రెండు కొండలు, ఒక అంచు, లోతు.

“ఇది పోలిరాజుకి చెప్పాలి కదా మావా,” అన్నాను.

“ఆడికి సెప్తే ఏటకెల్తాడు. నీకు సెప్తే కాపలా కాస్తావు.”

పోయిన నెల రెండో గొట్టం ప్లాను, పాత ఫారంతో సహా, నా బల్ల మీదకి వచ్చింది. ఇప్పుడు నేను వేరే సర్వే ఆఫీసులో సంతకం పెట్టే స్థాయిలో ఉన్నాను. గీత సరిగ్గా ఆ చోటు మీదుగా పోతోంది. కొత్త ఇంజినీరు ఉత్సాహంగా, “పాత పటం ఉంది కదా సార్, అక్కడ చుక్క లేదు. మళ్ళీ అడగక్కర్లేదు. కమిటీకి ఓ కాపీ పంపేద్దాం,” అన్నాడు. నా పటమే! నేను గర్వపడ్డ పటమే, మళ్ళీ తెల్లగా! నా నోట్లోంచి వచ్చిన తిట్లు ఆ అబ్బాయికి అన్యాయంగానే తగిలాయి. కమిటీ పెట్టిందే అడగడానికి. కాపీ పంపితే అడిగినట్టా?

ఆదివారం ఆ చేప పారబోశాక బస్సెక్కి పేటకి వెళ్ళాను. పోలిరాజు జుట్టు నెరిసింది, మాట తండ్రిదే. పడవ తియ్యమన్నాను. కొండ దాటాక, మూడో మనిషి లేని చోట, తండ్రి చెప్పిన గుర్తులు చెప్పాను. అతను తెడ్డు ఆపి లైట్‌హౌసు వైపు చూశాడు.

“నాకు తెల్సు బావా. అయ్య సెప్పనేదు. సిన్నప్పట్నుంచీ ఆయన కళ్ళు ఎటు తిరుగుతాయో సూసి పట్టీసినాను. ఒక్కనాడూ అక్కడ వల ఎయ్యనేదు. ఆయన దాసుకున్నాడు కదా, ఉండనీ అనుకున్నాను.” మళ్ళీ తెడ్డు అందుకుని, “గొట్టం అటే వస్తాదా?” అన్నాడు.

అవునన్నాను. చుక్క పెడితే గోడకి అంటిస్తారు, పెట్టకపోతే గొట్టం వేస్తారు. ఏం చెయ్యమంటావని అడిగాను.

“ఆ ఇంజినీరుని తే. కాయితం ఒద్దు, మనిసిని తే. నా పడవలో కూకోబెడతాను. కక్కుకుంటే గంజిస్తాను.”

ఆ ఫారం ఇప్పుడు నా సంచిలో ఉంది, సంతకం చెయ్యలేదు. పైనుంచి రోజూ ఫోన్లు వస్తున్నాయి, గడువు దాటిందంటున్నారు. దాటనివ్వండి. ‘వేట స్థలం’ అన్న ఐదో గడిలో చోటు పేరు బదులు ఎర్రన్న మావ మాట రాశాను: నీళ్ళ మీద అడగాలి.