చార్జి మిగిల్చిన ఇంజినీరు

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు, మూడు నాలుగేళ్ల కిందటి మాట. డిప్లొమా ముగించి, ఉద్యోగం దొరక్క, తమిళనాడులోని మా ఊరు వెల్లిచందైలో ఇంటి అరుగు మీద కూర్చుని లోకాన్ని బాగుచేస్తూ ఉండేవాణ్ణి. అక్క తొలికాన్పుకని ధర్మపురి ఆసుపత్రిలో చేరింది. అమ్మ, బావ తోడుగా ఉన్నారు. అక్కది అంత సులభంగా దొరకని రక్తం, ఇంట్లో నాదొక్కటే దానికి కలుస్తుంది. "ఫోను చేతిలోనే పెట్టుకోరా, పిలిస్తే బండెక్కేయాల" అని బావ మరీమరీ చెప్పిపోయాడు. నా ఫోను చూస్తే మధ్యాహ్నానికే ప్రాణం విడిచేది. కొత్తగా వచ్చిన 5జీ మా వీధిలో ఒక గీత కనబడి మాయమయ్యేది, దాన్ని వెతికి వెతికి ఫోను వేడెక్కేది. 4జీకి మారిస్తే చార్జి నిలుస్తుందని ఎవరో వీడియోలో చెప్పారు. 4జీకి దించితేనే అంత మిగిలితే 2జీకి దించితే ఇంకెంత మిగలాలి అని నా లెక్క. (నా డిప్లొమా మీద మీకిప్పుడు అనుమానం వస్తే తప్పు మీది కాదు.)

సాయంత్రం నాదీ నాయనదీ మార్చాను. తెల్లారి చూస్తే చార్జి కదిలితే ఒట్టు! గీతలు ఒక్కటీ లేవు గానీ, మా ఊళ్లో అదేమంత వింత కాదు. నాయన పొంగిపోయి, "మావోడు చదివింది దండగ పోలేదప్పా" అని వీధంతా చాటాడు. పెద్దమ్మ వచ్చింది, ఎదురింటి చిన్నాయన వచ్చాడు, టీ కొట్టు మామ పొయ్యి వదిలేసి వచ్చాడు. "నాదీ కొంచెం సూడు ఇంజినీరూ" అన్నారు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మార్చిపెట్టాను. అందరిదీ ఒకే కంపెనీ సిమ్ము. ఆ కంపెనీకి అసలు 2జీ అనేదే లేదని, తాను వీధి మొత్తం నోరు నొక్కేశానని ఆ ఇంజినీరుకు అప్పటికి తెలియదు.

ఆ రోజే నేనూ నాయనా ఆవులకు మేత వేస్తుండగా పొలంలో మా బోరు మోటారు తనంతట తానే తిరగడం మొదలుపెట్టింది. దానికీ ఒక సిమ్ము ఉంటుంది (వేరే కంపెనీది, పాతది). ఆ నంబరుకు ఫోను చేస్తే తిరుగుతుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. వానలకు పొలం అప్పటికే బురదగా ఉంది. నాయన పరుగెత్తి ఆపాడు. గట్టు దిగేలోపు మళ్లీ తిరిగింది. మళ్లీ ఆపాడు, మళ్లీ తిరిగింది. "ఎవుడురా ఆ పనిలేని నాకొడుకు?" అని తిడుతున్న నాయన ఉన్నట్టుండి నిలబడిపోయాడు.

"రేయ్, ఈ నంబరు నాకూ అల్లుడికీ తప్ప ఎవురికీ తెలీదు గదరా! ఆయప్ప మనల్ని పిలస్తా ఉండాడు. నీ ఫోను ఏమాయె?"

ఫోను తీసి పాత సెట్టింగుకు మార్చానో లేదో, బావ ఫోను వచ్చింది. "ఊర్లో ఒక్కరికన్నా ఫోను పోతే గదరా! మీ అక్కని లోపలికి తీసుకొనిపోయినారు. సీక్కిరం రా!" బండి ఎలా తోలానో దేవుడికే తెలియాలి. దారిలో కనబడిన ప్రతి గుడికీ ఏదో ఒకటి మొక్కాను. అక్కకు ఏమన్నా అయితే ఆ చార్జి ఎవరికి కావాలి?

చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూనే లోపలికి పరుగెత్తాను. బావ వరండాలో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "నీ రక్తం నువ్వే పెట్టుకో. ఆడబిడ్డ పుట్టింది, ఇద్దరూ బాగుండారు." అక్కడే నేల మీద కూలబడి భోరున ఏడ్చాను. అమ్మ నీళ్లు తాగించి, "రక్తం ఇయ్యకుండానే ఇంత నీరసమా నాయినా?" అంది. హమ్మయ్య అనే మాటకు అర్థం నాకు ఆ పూటే తెలిసింది.

సెట్టింగు మారిస్తే చార్జి నిజంగా మిగులుతుందా అని ఇప్పటికీ అడుగుతారు. 5జీ సరిగ్గా అందని చోట 4జీలో పెడితే కాస్త మిగులుతుంది, అబద్ధం కాదు. కానీ అసలు తినేది ఆగకుండా చూసే వీడియోలు. ఆ సంగతి నాకు మా మేనకోడలు నేర్పింది. నిండా చార్జి ఎక్కించిన ఫోను తీసుకుని నా ఒళ్లో కూర్చుంటుంది, బొమ్మల వీడియోలు చూసి చూసి, "మామా, సచ్చిపాయె" అని నా చేతిలో పెడుతుంది. ఒక్కో శాతం కోసం వీధంతటి నోరూ నొక్కిన ఆ ఇంజినీరు ఇప్పుడు కిక్కురుమనకుండా లేచి చార్జరు వెతుకుతాడు.