అయిదు మూలల బొంత

ఉక్కు కార్ఖానా ఊళ్లో, కద్మా అనే పేటలో మా క్వార్టర్ పక్కన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. ఆయన కార్ఖానాలో ఫిట్టర్. ఆవిడ నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. నేను ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి ఆవిడకు టీచరమ్మను. అరవయ్యో దశకం మొదట్లో ఒక వానాకాలం వాళ్ల చిన్నపాప జ్వరంతో పోయింది.

కొన్నాళ్లకు ఆవిడ పాప గౌన్లు కత్తిరించి బొంత కుట్టడం మొదలుపెట్టింది. పాపకు అయిదు రెక్కల బిళ్లగన్నేరు పూలంటే ఇష్టం. అందుకని ముక్కలన్నీ అయిదు మూలలతో, అన్ని వైపులా సమానంగా ఉండాలంది. భర్త రేకుతో అచ్చు కోసి ఇచ్చాడు. తీరా మూడు ముక్కలు కలిపితే సందు మిగిలేది. నాలుగోది పెడితే గుడ్డ పైకి లేచేది. విప్పేది, మళ్లీ కుట్టేది. మనసు నిలవనప్పుడు చెయ్యి మాత్రం ఎలా నిలుస్తుందని అత్తగారు జాలిపడి అన్నదట. ఆ మాట ఆవిడ మనసులో నాటుకుపోయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ల వరండాలో కూర్చున్నాం.

"పిల్ల పోయినకాడ్నించి నా సేతులు పాడైపోనాయి టీచరమ్మా" అంది.

నేను అట్టముక్కలు కత్తిరించి నేలమీద పేర్చాను. ఒక చుక్క చుట్టూ నలుచదరాలు నాలుగు పెడితే సందు లేకుండా అమరుతాయి. ఆరు మూలలవి మూడు అమరుతాయి. అయిదు మూలలవి మూడైతే చాలవు, నాలుగైతే పట్టవు. ఏ దర్జీ కుట్టినా ఇంతేనని చెప్పాను. ఆవిడ ముక్కల్ని తిప్పి తిప్పి తనూ పేర్చి చూసింది.

"అయితే తప్పు నా సేతుల్లో నేదు."

"లేదక్కా. ఎవరిలోనూ లేదు."

అట్టముక్కల్ని ఒకచోటికి చేర్చింది. తర్వాత, "మరి నా పిల్ల ఎందుకెళిపోనాదో సెప్తాదేటి నీ లెక్క?" అంది. నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగింది.

ఆ ముక్కలు మరోలా అమరడానికి వీలే లేదు. పాప బతకడానికి వీలుండేది. ఆ తేడా నాకు తెలుస్తూనే ఉంది, పైకి అనలేకపోయాను.

"చెప్పదక్కా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. దేవుడి పేరో, కర్మ పేరో ఎత్తి సర్దిచెప్పనందుకు నామీద నమ్మకం కుదిరిందేమో, ఆ సాయంత్రం మొదటిసారిగా పాప సంగతులు చెప్పింది. చీకటి పడేదాకా విన్నాను.

తర్వాత ఆవిడ సందులకు సరిపడా సన్నటి ముక్కలు తన పాతచీరలోంచి కోసి కుట్టింది. అత్తగారు సూదికి దారం ఎక్కించలేకపోయినా, పక్కన కూర్చుని గుడ్డ పట్టుకునేది. చలికాలానికి బొంత పూర్తయింది. అక్క దాన్ని చాలాకాలం కప్పుకోలేకపోయింది. ముసలావిడే కప్పుకునేది.