పై పైపు వేడెక్కిందాకా

మీ తాత వాళ్ళక్క, అదే మీ పెద్దవ్వ, ఇప్పుడు మా దగ్గరే ఉండాది. కిడ్నీలు పనిచెయ్యవు కదా, వారానికి మూడుతూర్లు తొండియార్‌పేట నుంచి మైలాపూరు పక్క ఆస్పత్రికి డయాలసిస్‌కి తీసకపోవాల. అయినాక ఆమె కూర్చోలేదు, ఎనక సీట్లో పండుకోనే రావాల. ఆటోలో యాడ పండుకుంటాది? ట్యాక్సీలో ఒకతూరి వాంతి చేసుకునింది. ఆ డ్రైవరు ఏమీ అనలేదు గానీ, ఈమె సిగ్గుపడి మళ్ళీ ట్యాక్సీ ఎక్కలేదు. అందుకే ఈ పాత కారు. మీ నాయన అమ్మేయమంటానే ఉండాడు.

మొన్న ఆస్పత్రి నుంచి వస్తా, హార్బరు కాడ కంటైనర్ లారీల ఎనక నిలబడిపోయినాము. వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్‌లోంచి ఒకటే ఆవిరి. చల్లారిందాకా ఆ ఎండలోనే ఉండి, నీళ్ళు పోసుకుంటా ఎట్లో ఇల్లు చేరినాము.

మెకానిక్ వచ్చి థర్మోస్టాట్ పట్టేసిందన్నాడు. ఏం లేదు కన్నా, ఇంజిను కాడ చిన్న తలుపు మాదిరి అది. ఇంజిను వేడెక్కితే తెరుచుకోని నీళ్ళని రేడియేటర్‌కి వదలాల. మాది మూసుకోనే ఉండిపోయింది.

"తీసి పారేస్తే సరి సార్. మన ఊరి ఎండకి అదెందుకు, సుమ్మా, ఊరికే అడ్డం."

"చేసినోడు సుమ్మానే పెట్టినాడా?" అన్నాడు మీ తాత.

"అయితే కొత్తది కొనిపెట్టండి, ఎల్లుండి వచ్చి వేస్తా" అనేసి పోయినాడు.

ఆస్పత్రికి పోవాల్సింది రేపు. పెద్దవ్వ మంచం మీద నుంచే అంతా వినింది. "పోనీలేమ్మే, ఒకతూరి మానేస్తే ఏమైతాది? నాకూ రెస్టు" అనింది నవ్వతా. మేము నవ్వలేదు. ఒకతూరి మానేస్తే మళ్ళీ పోదని మా ఇద్దరికీ తెలుసు. మీ తాత చొక్కా తగిలించుకోని పోయి కొత్తది తెచ్చినాడు.

తెచ్చి, "పాలగిన్నె ఇయ్యి, దీన్ని ఉడకబెట్టి చూడాల" అన్నాడు. పాలగిన్నె ఇవ్వనని పిడి ఊడిన సత్తుగిన్నె ఇచ్చినా. కొత్తదీ పాతదీ దారాలకి కట్టి నీళ్ళలో వేలాడదీసినాడు.

"ఏందిరా, రసమా?" అనింది పెద్దవ్వ ఆ గదిలోంచి.

"అవునక్కా, నీకు గ్లాసు తెస్తా ఉండు."

నీళ్ళు మసలకముందే కొత్తది మెల్లగా నోరు తెరిచింది. పాతది నీళ్ళు తెర్లుతా ఉన్నా కదల్లేదు.

మీ తాత చేతులు వణుకుతాయి, బోల్టు మీద స్పానరు నిలవదు. ఆయన చెప్తా ఉంటే నేనే విప్పినా. అంటుకోనున్న పాత ప్యాకింగు అట్ట బ్లేడుతో గీకి, కొత్తది పెట్టి బిగించినా. వంగి వంగి నడుము పడిపోయింది. నీళ్ళు నింపి ఇంజిను స్టార్ట్ చేసి, రేడియేటర్‌కి పోయే పై పైపు పట్టుకోమన్నాడు. తలుపు తెరుచుకుంటేనే అది వేడెక్కతాదంట.

"వేడెక్కిందా?"

"లేదు."

"ఇడ్లీ పాత్ర గుడ్డ లేకుండా దించే చేతులు. వాటికి వేడి తెలుస్తాదా?"

"అయితే నువ్వే పట్టుకో."

ఇద్దరం విసిగిపోయినాము. ఇంజిను మోత, ఆ పొగ వాసన, పైపు మాత్రం చల్లగానే. ఇది కూడా పట్టేసిందేమో, రేపు ఆమెని ఎట్ల తీసకపోవాలా అనుకుంటా ఉండంగానే అరచేతి కింద చురుక్కుమనింది. చెయ్యి తీసేసినా. ఆయన ముల్లు చూసినాడు. సగంలో ఆగిపోయుండాది. ఇంకా కాసేపు చూసినాము, పైకి పోలేదు.

లోపలికి పోయి "కారు బాగైంది వదినా" అన్నా.

ఆమె ఫ్యాను పక్కే చూస్తా, "మీ ఇద్దరికీ వేరే పని లేదామ్మే" అనింది. తర్వాత, "రేపటికి ఆ మందం చీర తీసిపెట్టు. ఆడ ఏసీకి చలేస్తాది" అనింది.

సరేనని ఆమె మంచం పక్కనే నేల మీద కూర్చుండిపోయినా. చేతులకి జిడ్డు అట్లనే ఉండాది. కడుక్కునేదానికి లేయబుద్ధి కాలేదు.